కొండ యెదుట నొక గడియ

క్రిందటి నెలలో విశాఖపట్టణమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమెయు, భర్తయు, బిడ్డలును వేసవి సెలవులలో మనాలికి పోయి మంచుకొండలను చూచి వచ్చిరట. "కన్నులకు వెండి పోతపోసినట్లు కనబడినవి. ఇంటికి వచ్చి ఫోటోలు చూచుకొనగా బూడిదకుప్పలవలె నున్నవి. తప్పు కెమెరాదా, నాదా? మావారు నాదే యందురు" అని ఆమె యడిగినది. ఈ జాబు చదివి మేము నవ్వుకొంటిమి. అది పరిహాసపు నవ్వు కాదు. ఇదే ప్రశ్నను ఒక పరదేశపు పల్లెలో, ఒక చిన్న గదిలో, రాత్రి తొమ్మిది గంటలకు మమ్ము మేమే అడిగికొన్న దినము జ్ఞప్తికి వచ్చినది. ఆమెకు వేఱుగా బదులు వ్రాయుటకంటె నీ పుటలలో వ్రాసిన ఇతర సోదరీమణులకును పనికివచ్చునని తోచినది. తప్పు కొంత కెమెరాది, కొంత మనది. మిగిలిన పెద్దపాలు మఱియొకదానిది. అదేదో చెప్పుటకు కథ మొదటినుండి చెప్పవలెను.

మా మఱది స్విట్జర్లాండులో జ్యూరిచ్ నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. 2023 సెప్టెంబరులో మావారు, మా యిద్దఱు పిల్లలు, అత్తగారు, మేము అతని యింటికి పోయితిమి. మామగారు రాలేదు. ఆయనకు గుండెజబ్బు, విమానప్రయాణము వలదని వైద్యులు చెప్పిరి. మా ఆడపడుచు వచ్చి ఆయనకు తోడుండెను. మామగారు కాకినాడలో నొక ఉన్నత పాఠశాలలో ముప్పది సంవత్సరములు భూగోళము బోధించినవారు. ఏటేట నల్లబల్లపై సుద్దతో ఆల్ప్సు పర్వతముల పటము గీచి, రోన్ నది ఇచట పుట్టినది, రైన్ నది అచట పుట్టినది యని పిల్లలకు చూపినవారు. ఆ పర్వతములలో నొక్క ఱాతినైనను కన్నులార చూచినవారు కారు. మేము బయలుదేఱునాడు ఆయన మమ్ము పిలిచి, "అమ్మాయీ, పుస్తకాల్లో బొమ్మలు చాలా చూశాను. మాటర్‌హార్న్ దగ్గరకు వెళ్తారటగా. అది ఎంత పెద్దదో నాకు తెలిసేటట్టు ఒక్క ఫోటో తీసుకురా. ఎక్కువ వద్దు, ఒక్కటి చాలు" అనిరి. మేము "అలాగేనండీ మామయ్యగారూ" అని తేలికగా అనివేసితిమి. ఆ మాట ఎంత బరువైనదో అప్పుడు తెలియలేదు.

ఆయన మమ్మే ఏల అడిగిరనగా, మా యింట కెమెరా మాది. ఈ పత్రికకు వ్రాయగా వచ్చిన పారితోషికమును మూడేండ్లు కూడబెట్టి కొన్నది. అందఱి చేతులలోను ఫోనులున్నవి. పెండ్లిలోను, పేరంటములోను అందఱును తీయుదురు. అయినను పెట్టెలోనుండి తీసి, లెన్సు తుడిచి, మరల పెట్టెలో పెట్టు పనిగల యంత్రము మాయింట నిదొక్కటియే.

మాటర్‌హార్న్ కొండ స్విట్జర్లాండునకును ఇటలీకిని సరిహద్దున నున్నది. ఎత్తు 4,478 మీటర్లు. ఇటలీవారు దీనిని చెర్వీనో యందురు. ఆల్ప్సులో దీనికంటె నెత్తయిన శిఖరములు లేకపోలేదు; కాని అవి యొకదాని భుజముపై నొకటి చేయి వేసినట్లు గుంపుగా నుండును. ఇది యొంటరిగా, నలువైపుల చెక్కిన కూచివలె నిలిచియుండును. దాని యడుగున జెర్మాట్ అను పల్లె గలదు. అది 1,600 మీటర్ల యెత్తున నున్నది. ఆ పల్లెలోనికి పెట్రోలు కార్లు రానీయరు. కారులో వచ్చువారు క్రింద టేష్ అను ఊర దానిని విడిచి రైలెక్కవలెను. ఊరిలో తిరుగునవి విద్యుత్తుతో నడచు చిన్నబండ్లు. మా అత్తగారికి ఆ పల్లెలో మిక్కిలి నచ్చినది ఈ చప్పుడు లేకుండుటయే. "కార్తికమాసంలో తెల్లవారుఝామున గోదావరి గట్టులా ఉంది" అనిరి.

మేము చేరిన సాయంకాలమున కొండ లేదు. ఉండవలసిన చోట తెల్లని మబ్బు మాత్రము కలదు. హోటలునందలి యామె కిటికీ తెఱచి మబ్బువైపు చేయి చూపి, అదియే మాటర్‌హార్న్ అని చెప్పినది. అత్తగారు ఆ మబ్బునకే దండము పెట్టిరి.

మఱునాడు ఆకాశము నిర్మలముగా నుండెను. అందఱము గోర్నెర్‌గ్రాట్ రైలెక్కితిమి. ఇది పండ్లచక్రముతో కొండనెక్కు రైలు, 1898లో వేసిరి, మొదటినుండియు విద్యుత్తుతోనే నడచుచున్నది. జెర్మాట్‌నుండి ముప్పది నిమిషములకు కొంచెము మించి 3,089 మీటర్ల యెత్తున నున్న స్టేషనునకు చేర్చును. అక్కడినుండి చూచిన దృశ్యమును వర్ణింపబోము. ఎదుట మోంటె రోజా, క్రింద గోర్నెర్ హిమానీనదము, ప్రక్కన మాటర్‌హార్న్. సమయము మధ్యాహ్నము పండ్రెండు.

ఆ రెండు గంటలలో మేమేమి చేసితిమో ఒకసారి చెప్పుకొందుము. చదువు సోదరీమణులకు కొత్తగా నుండదు. చిన్నవానికి చెవులు నొప్పియనగా టోపీ దించి కట్టితిమి. పెద్దదానికి బూటుత్రాడు ఊడినది, కట్టితిమి. అత్తగారికి ఆయాసముగా నున్నదేమోయని రెండు మాఱులు అడిగితిమి. తెచ్చుకొన్న పులిహోర పొట్లములు విప్పి పంచితిమి, మరల కాగితములు ఏఱి సంచిలో వేసితిమి. మావారు "అందఱం కలిసి ఒకటి" అనగా పరదేశీయుడొకని బ్రతిమాలి కెమెరా చేతికిచ్చి నిలుచుంటిమి. మఱది యెవరికో వీడియోలో కొండ చూపుచు మమ్ము జరుగుమనెను. ఇన్నింటి నడుమ కొండవైపు తిరిగి మీట నొక్కితిమి. దిగునపుడు రోటెన్‌బోడెన్ అను స్టేషనులో దిగి రిఫెల్‌సీ అను చిన్న సరస్సు చూచితిమి. ఆ నీటిలో మాటర్‌హార్న్ తలక్రిందుగా కనబడునని పుస్తకములలో చదివియుంటిమి. మేము పోవునప్పటికి గాలి లేచి నీరంతయు గరగరలాడుచుండెను. తరువాతి బండికి పండ్రెండు నిమిషములున్నవని మావారు గడియారము చూపిరి. మేము ఉరుకులు పరుగులతో తీసితిమి. మొత్తము నలువది ఫోటోలు.

ఆ రాత్రి గదిలో పిల్లలు నిద్రించిన పిమ్మట కెమెరా తెరపై నొకటొకటిగా చూచితిమి. ఒక్కటియు మామగారికి చూపదగినది కాదు.

విశాఖపట్టణపు సోదరి యడిగిన ప్రశ్నకు బదులిచటనే చెప్పవలెను. కెమెరాలో వెలుతురును కొలుచు నొక కన్ను కలదు. దానికి ఏమి చూపుచున్నామో తెలియదు. లోకమంతయు నలుపునకును తెలుపునకును నడుమనుండు బూడిదరంగేయని నమ్మి అది పని చేయును. ఏ కుండలోనైనను చారెడు ఉప్పే వేయు వంటమనిషివంటిది. మామూలు దృశ్యములకు ఆ లెక్క సరిపోవును. మంచు ఎదుట మాత్రము, "అబ్బా, ఎంత వెలుతురు!" అని భయపడి తలుపు మూయును. అందుచే తెలుపు బూడిదయగును. బొగ్గును చూపినను బూడిదయే, మంచును చూపినను బూడిదయే. తెరనిండ మంచుండునపుడు మనమే దానికి ధైర్యము చెప్పి, వెలుతురును ఒకటి రెండు మెట్లు హెచ్చింపవలెను. ఫోనులోనైనచో తెరపై మంచున్నచోట వ్రేలు పెట్టిన చిన్న సూర్యుని గుర్తు కనబడును. దానిని కొంచెము పైకి జరుపవలెను. వెలుతురును ఆ కంటికే విడిచిపెట్టినంతకాలము ఎంత వెల పెట్టి కొన్న యంత్రమైనను ఈ పని చేయకమానదు. కావున సోదరి భర్తగారికి మా మనవి: ఇందు ఆమె తప్పు కొంచెమే.

రెండవది, కొండ చిన్నదగుట. ఎదుట నిలిచి చూచినపుడు ఆకాశమంతయు నిండిన కొండ, ఫోటోలో అటకమీది చెంబువలె మూలకు నక్కియుండును. సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టిన సోదరీమణులకిది సులభముగా బోధపడును. మెట్లయెదుటనే చతికిలబడి చూచిన, క్రిందిమెట్టుమీది చిట్టిబొమ్మ పెద్దదై పైమెట్టుమీది దశావతారములను కప్పివేయును. గుమ్మమువఱకు వెనుకకు పోయి చూచిన, ఎవరి పరిమాణము వారికి వచ్చును. ఫోనునందు మామూలుగా తెఱచుకొను లెన్సు మిక్కిలి వెడల్పుగా చూచునది. అది దగ్గఱనున్న గడ్డిని పెంచి, దూరముననున్న కొండను కుదించును. కావున దగ్గఱి వస్తువునుండి వెనుకకు నడచిపోయి, దూరమును దగ్గఱకు తెచ్చు లెన్సుతో తీయవలెను. వెనుకకు పోవుటకు తావును, తీఱికయు ఉండవలెను. మాకు నాడు రెండును లేవు.

ఇక మా సొంత తెలివితక్కువ యొకటి. బయలుదేఱుటకు ముందొక దుకాణమున, కొండలకు పోవుచున్నామనగా, పోలరైజరు అను నల్లని అద్దమును లెన్సునకు తగిలించుకొమ్మని చెప్పిరి. దానివలన ఆకాశము నీలముగా వచ్చునన్నమాట నిజమే. కాని అంత యెత్తున గాలి పలుచనిది. ఆకాశము తనంతనే ముదురునీలముగా నుండును. అద్దము తగిలింపగా కాటుకవలె నల్లబడినది. అంతకంటె విడ్డూరము, ఆ యద్దము పని నీటిమీది మెఱపును తుడిచివేయుట! నీటిలోని నీడను తీయబోయి, నీడను తుడిచివేయు నద్దమును పెట్టుకొంటిమి. చిత్రాన్నమునకు నిమ్మకాయలు తెచ్చి, పులుపు వలదని కడిగినట్లున్నది.

ఇవన్నియు సరిదిద్దుకొనదగినవే. అయితే ఆ నలువది ఫోటోలలో ఒక్కదానికొఱకైనను మేము నిలువలేదు. మధ్యాహ్నపు ఎండ నెత్తిమీదినుండి పడి కొండ ముడుతలన్నింటిని చెఱపివేసినది. కొండను తీయువారు ఎండ ప్రక్కనుండి వచ్చు వేళకై కాచుకొనియుందురు. మేము మాత్రము కొండయే మా తీఱికవేళకు కాచుకొనియుండునని తలచితిమి.

అపుడు మాకు ఎలిజబెత్ లె బ్లాండ్ జ్ఞప్తికి వచ్చినది. ఈమె 1860లో పుట్టి ఐర్లండులో నొక కలవారి యింట పెరిగినది. ఆరోగ్యముకొఱకు ఆల్ప్సునకు పోయి, అచట కొండలెక్కుట మొదలుపెట్టినది. అంతవఱకు తన బూట్లు తాను తొడిగికొనుటయైన ఆమెకు అలవాటు లేదట, దాసి తొడుగునది. ఆడుది కొండలెక్కుట యేమని బంధువులు గొణిగిరి. ఆమె ఎక్కుట మానలేదు సరికదా, ఆ కాలపు బరువైన కెమెరాలతో మంచుకొండలను తీయ నేర్చి, మంచును ఛాయాచిత్రించుటను గూర్చి పుస్తకము కూడ వ్రాసినది. 1907లో లండనునందు స్త్రీల ఆల్పైన్ సంఘమును స్థాపించినపుడు మొదటి అధ్యక్షురాలు ఈమెయే. పురుషుల ఆల్పైన్ క్లబ్బు 1857లోనే పుట్టినది కాని, ఆ రెండు సంఘములు కలియుటకు 1975 రావలసివచ్చినది. మాటర్‌హార్న్ విషయమున స్త్రీలు అంత వెనుకబడలేదు. ఆ శిఖరమును మొదట 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ మొదలగు ఏడుగురెక్కిరి; దిగునపుడు త్రాడు తెగి నలుగురు మరణించిరి. ఆఱేండ్లకే, 1871లో, లూసీ వాకర్ అను స్త్రీ దానిని ఎక్కినది. మేము కొండ యెక్కుదుమని యడుగుట లేదు. దాసి తొడిగిన బూట్లతో బయలుదేఱిన యామెకు కొండమీద దినములకు దినములు దొరకినవి. నలుగురి బూట్లత్రాళ్ళు కట్టుచున్న మాకు ఒక గడియ దొరకదా యని మాత్రము అనిపించినది.

మఱునాడు పది గంటల రైలునకు మేము జెర్మాట్ విడువవలెను. మావారు పుస్తకము చదువుచుండిరి. "రేపు ఉదయం మొదటి బండికి నేనొక్కర్తెనూ మళ్ళీ ఆ సరస్సు దగ్గరకు వెళ్ళివస్తాను" అంటిమి.

"మళ్ళీనా? ఇవాళ నలభై తీశావుగా?"

"అందులో మామయ్యగారికిచ్చేది ఒక్కటీ లేదు."

మావారు చెడ్డవారు కారు. కాని లెక్క తెలిసినవారు. ఆ రైలు టిక్కెట్టు చౌక కాదు. ఉదయమున సర్దవలసినవి పెట్టెలారు. పిల్లలను లేపి, నీళ్ళుపోసి, తినిపించి స్టేషనునకు చేర్చవలెను. ఇవి యెవరు చేయుదురని ఆయన అడుగలేదు. అడుగకపోయినను ఆ ప్రశ్న గదిలో కూర్చుండియే యున్నది. మేమును ఎన్నడును కోరనిది కోరితిమి. కోరిన పిమ్మట వెనుకకు తీసికొనుటకు నోరు తెఱవబోతిమి.

అంతలో అవతలి మంచముమీదినుండి అత్తగారు, నిద్రపోయినారనుకొన్నవారు, "అమ్మాయితో నేనూ వెళ్తాను" అనిరి.

"నీ మోకాళ్ళకు ఆ దిగుడూ ఎక్కుడూ ఎందుకమ్మా?" అని మావారు.

"మోకాళ్ళు నావి. పెట్టెలు నువ్వు సర్దు. మీ నాన్నగారు ఆ పిల్లను అడిగింది ఒక్కటే."

అటుతరువాత మాటలు లేవు. మావారు గడియారమునకు అలారము పెట్టి, పెట్టెలలో ఏది యెక్కడ పెట్టవలెనో మమ్మడిగి ఒక కాగితముమీద వ్రాసికొనిరి. ఆ కాగితము మేము నేటికిని దాచుకొంటిమి.

తెల్లవాఱకముందే లేచితిమి. చలికి కెమెరా బ్యాటరీ త్వరగా నీరసించును. కావున రెండు బ్యాటరీలను చేతిగుడ్డలో చుట్టి రవికెలో, ఒంటివెచ్చదనము తగులునట్లు పెట్టుకొంటిమి. ఊరిలో చర్చి ప్రక్క ఏటిమీద నొక వంతెన గలదు. అప్పటికే అచట దేశదేశములవారు కెమెరాలతో నిలిచియుండిరి. ఊరంతయు చీకటిగా నుండగా కొండకొనమీద మాత్రము గోరింటాకు పండినట్లు ఎఱ్ఱని చుక్క యొకటి పడి, క్రమముగా క్రిందికి ప్రాకుచుండెను. అత్తగారు నోట మాట లేక చూచుచుండిరి. మేము ఒకటి తీసి, బండికి పోయితిమి.

రోటెన్‌బోడెన్‌లో దిగినవారు పదిమంది. త్రోవప్రక్క గడ్డి మంచు పట్టి తెల్లగా నున్నది. సరస్సునకు పోవు త్రోవ దిగుడే. అయినను అత్తగారు చేతికఱ్ఱ మోపుచు, మా భుజము పట్టుకొని, మెల్లగా దిగిరి. ఆ త్రోవలో మాటలాడుకొనలేదు. అంత యెత్తున మాటకును నడకకును కలిపి ఊపిరి చాలదు.

సరస్సు కదలుట లేదు. అది 2,757 మీటర్ల యెత్తుననున్న చిన్న మడుగు. మన పల్లెలలోని చెఱువులలో అంతకంటె పెద్దవి ఎన్నియో కలవు. అయితే దానిలో ఆ ప్రొద్దున కొండ సాంతముగా, కొనమొదలుగా నిలిచియున్నది. పైకొండమీద ఎఱుపు పోయి బంగారువన్నె వచ్చినది. నీటిలోని కొండ పైదానికంటె ఒక వన్నె తక్కువ. ఎల్లప్పుడు నట్లే యుండును, నీడ వస్తువుకంటె చీకటిగానే యుండును. సరస్సుచుట్టు నేల యింకను నీడలోనే యున్నది. ఇచట మంచులెక్క తలక్రిందులగును. చుట్టును చీకటియై శిఖరము మాత్రమే వెలుగుచుండిన, కెమెరా చీకటికి జాలిపడి తలుపు బార్లా తెఱచును, శిఖరము సున్నమువలె తెల్లబోవును. అప్పుడు వెలుతురును హెచ్చింపరాదు, తగ్గింపవలెను. మేము మోకాళ్ళమీద కూర్చుండి, కెమెరాను నీటికి జానెడెత్తున పట్టితిమి. అట్లు పట్టిన నీడ నిండుగా వచ్చును. చీరయంచు తడిసినది. నల్లని యద్దము హోటలులోనే యున్నది.

మొదటి ఫోటో తీసి చూచుకొంటిమి. మిక్కిలి చక్కగా నున్నది. చక్కగా నుండుటయే దాని లోపము. అంగడిలో అమ్ము కార్డులమీది బొమ్మయు అదియు ఒక్కటియే. 1849లోనే రస్కిన్ అను ఆంగ్ల రచయిత ఈ కొండకు మొదటి ఛాయాచిత్రము తానే తీసితినని చెప్పుకొనెను. అప్పటినుండి నెందఱు తీసిరో లెక్క యెవరికిని తెలియదు. మామగారు బొమ్మ అడుగలేదు, పెద్దతనము అడిగిరి. ఒంటరి కొండకు కొలత లేదు. ఇసుకతిన్నె అనుకొన్నను అనుకొనవచ్చును.

తలయెత్తి చూడగా అత్తగారు సరస్సు వంపు తిరిగి ఆవలి గట్టున నొక బండమీద కూర్చుండియున్నారు. ఆమె మీద ఎఱ్ఱని శాలువ. మేము లేచి వెనుకకు, ఇంకను వెనుకకు నడచి, దూరమును దగ్గఱకు తెచ్చు లెన్సు తగిలించితిమి. ఆమె చిన్నదై, కొండ పెరిగి, రెండును ఒక చట్రములోనికి వచ్చినవి.

"నవ్వమంటావా?" అని ఆవలినుండి ఆమె యడిగిరి. ఆ నిశ్శబ్దములో గొంతు హెచ్చింపనక్కఱ లేకపోయినది.

"అక్కర్లేదండీ. మీ మొహం కనిపించదు."

"మరి నేనెందుకు?"

"కొండ ఎంతో తెలియడానికి."

ఆమె పకపక నవ్విరి. "అరవై ఎనిమిదేళ్ళు వచ్చి చివరికి కొలబద్దనయ్యానా!"

ఆ నవ్వు నవ్వుచుండగా తీసితిమి. మఱి మూడు తీసితిమి. అంతట కెమెరా ఒడిలో పెట్టుకొని ఊరక కూర్చుంటిమి. ఎవరికిని ఆకలి వేయలేదు, ఎవరి త్రాడును ఊడలేదు. కొండమీద బంగారము తెలుపుగా మాఱినది. కొంతసేపటికి సరస్సు నడుమ, ఎవరో మునివ్రేలితో తాకినట్లు, ఒక సన్నని ముడుత పుట్టి ఒడ్డువఱకు వచ్చినది. నీటిలోని కొండ విఱిగిపోయినది. మేము వచ్చినప్పటినుండి లెక్కించిన నొక గడియకు కొంచెము ఎక్కువ.

ఎక్కుట మాత్రము మేమనుకొన్నంత సులువు కాలేదు. అత్తగారు మూడు తావుల కూర్చుండిరి. ఒకతావున ఆమె పెదవులు పాలిపోగా మాకు గుండె జల్లుమన్నది. ఫోటోకొఱకు ఈమెను ఇంతవఱకు తెచ్చితిమే యని మమ్ము మేము తిట్టుకొంటిమి. నీళ్ళు త్రాగి, కొంతసేపు కన్నులు మూసికొని, "పద" అనిరి. పెద్దవారితో అంత యెత్తునకు పోవు సోదరీమణులు ముందు వైద్యునడుగుట మఱువరాదు. మేము జ్యూరిచ్‌లో అడిగియే పోయితిమి. ఒక బండి తప్పినది. తరువాతి బండిలో దిగి స్టేషనునకు పరుగెత్తునప్పటికి మావారు, మఱది, పిల్లలు ఆఱు పెట్టెలతో నిలిచియుండిరి. రైలు కదలుటకు నాలుగు నిమిషములున్నవి. పిల్లదాని జడ ఒకవైపునకు వంకరగా నున్నది. ఆవకాయ సీసా మూత సరిగా బిగియక మావారి చొక్కాలు రెండు ఎఱ్ఱబడినవి. ఆయన ఆ మాట జ్యూరిచ్ చేరువఱకు చెప్పలేదు.

మఱచితిమి: చలిలోనుండి వెచ్చని బండిలోనికి వచ్చినపుడు కెమెరాను సంచిలోనుండి వెంటనే తీయరాదు. చల్లని కూజామీద నీరు పట్టినట్లు లెన్సుమీదను, లోపలను చెమ్మపట్టును. గుడ్డసంచి మూతి బిగించి ఒక గంట యట్లే యుంచవలెను. మేము రైలులో ఆ గంటసేపును ఓర్పుపట్టుట మాకే వింతగా నున్నది.

కాకినాడ వచ్చిన తరువాత ఆ ఫోటోను పెద్దదిగా అచ్చువేయించి మామగారి చేతికిచ్చితిమి. తోడుగా, మొదటినాడు తీసిన గోర్నెర్ హిమానీనదపు ఫోటో యొకటి. అది బూడిదగానే యున్నది కాని ఆయన దానిని మొదట చాలసేపు చూచిరి. 2022, 2023 రెండేండ్లలోనే స్విట్జర్లాండు హిమానీనదములన్నింటిలోను కలిపి పదవవంతు మంచు కరిగిపోయినదని ఆయన అప్పటికే చదివియుండిరి. "నేను పటంలో గీసినంత పొడుగు లేదన్నమాట" అని దానిని ప్రక్కనుంచిరి.

పిమ్మట మాటర్‌హార్న్ తీసికొని భూతద్దముతో చూచిరి. "ఈ ఎర్రచుక్క ఏమిటి?"

"నేనే" అని అత్తగారు వాకిటనుండి పలికిరి.

ఆయన కొంతసేపు మాటలాడలేదు. తరువాత మాస్టరు మేల్కొనెను. ఆమె నీకు ఎంత దూరమున కూర్చుండినది, యని అడిగిరి. అఱువది మీటర్లుండును, అంటిమి. సరస్సునుండి కొండ యెంత దూరమో అట్లాసు తెప్పించి కొలిచిరి. సుమారు ఎనిమిది కిలోమీటర్లు. "కొండ 4,478. సరస్సు 2,757. తీసేస్తే 1,721. మన ఆంధ్రలో అన్నిటికంటె ఎత్తైన శిఖరం సముద్రం దగ్గర నుంచి లెక్కపెట్టినా 1,700 లేదు. ఇది సరస్సు పైననే అంత లేచింది" అని తమలో తామనుకొనిరి. అంతట మావైపు తిరిగి, "అమ్మాయీ, ఫోటో బాగుంది. కాని ఇందులో అబద్ధం ఉంది. మీ అత్తయ్య అరవై మీటర్ల దూరంలో ఉంది. కొండ ఎనిమిది వేల మీటర్ల దూరంలో ఉంది. ఆవిడ నిజంగా కొండ పాదం దగ్గర నిలబడితే ఇంత కనిపించదు. ఇందులో నూట ముప్పైవ వంతు ఉంటుంది" అనిరి.

మాకు ముఖము చిన్నబోయినది. ఆయన పెన్సిలు తెప్పించి, కత్తితో మొన చెక్కించి, ఫోటోలో కొండమొదట, మంచు ముగిసి ఱాయి మొదలగు చోట, పెన్సిలు మొనను తాకించి తాకింపనట్లు ఒక చుక్క పెట్టిరి. భూతద్దము లేక అది కనబడదు. దానిప్రక్క సన్నని గీత గీచి, గీత కొనయందు ఫోటోయంచున ఇట్లు వ్రాసిరి: "మీ అత్తగారు ఇక్కడ."